మూడింటికి ఆగే కీచురాళ్ళు

"అక్కడ కూర్చోకండి. నాన్నగారున్నారు."

సగం వంగిన నడుము సగంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. చేతులు అరిగిన పాత చెక్క కుర్చీ. ఖాళీగా ఉంది. దాని ముందు బల్ల మీద గ్లాసులో టీ మాత్రం పొగలు కక్కుతోంది.

"ఎవరండీ? ఎక్కడ?" అన్నాను.

"మీరు కూర్చోబోయిన చోటే. పక్క కుర్చీ ఖాళీ, అందులో కూర్చోండి."

ఆ గొంతులో వేళాకోళం లేదు. నన్ను భయపెట్టింది అదే. తల ఎత్తి ఆమె కళ్ళు చూశాక ఆ భయం కాసేపు వాయిదా పడింది. అంత శ్రద్ధగా నన్నెవరూ చూడలేదు. తర్వాత తెలిసింది, ఆమె గొంగళిపురుగుల్నీ అలాగే చూస్తుందని.

బడి టీచర్లకి పురుగులతో పాఠాలు చెప్పడం నేర్పే ఐదు రోజుల ట్రైనింగ్ అది. స్టాఫ్ రూంలో బొద్దింక కనిపిస్తే బెంచీ ఎక్కేది నేనొక్కణ్ణే. అందుకే మా హెడ్మాస్టరు ఏరి కోరి నన్ను పంపారు. లెక్కలు చెప్పేవాడికి పురుగులతో పనేమిటండీ అంటే, "ఆరేసి కాళ్ళున్నాయిగా, ఆరో ఎక్కం చెప్పించు" అన్నారు.

ఆమే మా ట్రైనరు, క్లాసులు వాళ్ళింటి హాల్లోనే. అందరూ ఎదురుగానే కీటకం మేడం అనేవారు. ఆమె ఏమీ అనుకునేది కాదు.

"పెద్ద మాస్టారని, మేడం వాళ్ళ నాన్న, ఈ ట్రైనింగ్ మొదలుపెట్టింది ఆయనే," అని నా పక్కనున్న డ్రిల్ మాస్టారు చెవిలో ఊదాడు. "పోయి రెండేళ్ళయింది. కూతురు ఒప్పుకోదు."

మొదటి రోజే మా అందరికీ తలో డబ్బా ఇచ్చింది. ఒక్కోదాంట్లో ఒక నల్ల పెంకుపురుగు. డ్రిల్ మాస్టారు తనదాన్ని ముట్టుకోగానే అది వెల్లకిలా పడి కాళ్ళు ముడుచుకుంది. ఆయన నోట్సులో 'చనిపోయింది' అని రాసేశాడు.

"మీరు చూసిందేమిటి?" అని అడిగింది ఆమె.

"చచ్చిపోవడం."

"కాదు. కదలకపోవడం. చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. పిల్లలకి మనం నేర్పాల్సింది అదొక్కటే."

డ్రిల్ మాస్టారు కొట్టేసి, 'కదలడం లేదు' అని రాశాడు. రెండు నిమిషాల తర్వాత ఆ పురుగు కాళ్ళు విదిల్చి, తిరగబడి, ఆయన పెన్ను మీదుగా నడుచుకుంటూ పోయింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. ఎందుకంటే అంతకు ముందే హాజరు పట్టీలో సంతకం పెడుతూ మొదటి వరస చూశాను. పెద్ద మాస్టారి పేరు. దాని ఎదురుగా ఆ రోజు గడిలో ఆమె చేతి రాత: కదలడం లేదు. పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి గడిలోనూ అదే.

నాకు కీచురాళ్ళు అప్పజెప్పింది. గాజు పెట్టెలో ముప్పై దాకా ఉన్నాయి. అవి పగలు కూడా పాడాలని గదిలో తెరలన్నీ దించి ఉంచేవారు. నిమిషానికి ఎన్ని కూతలో లెక్కపెట్టి, గది వేడిమితో కలిపి గ్రాఫ్ గీయాలి. వేడి పెరిగితే కూత పెరుగుతుంది. పిల్లలకి ఇంతకంటే మంచి లెక్క ఏముంటుంది అనిపించింది. మొదటిసారి పురుగుల మీద ఏవగింపు కాస్త తగ్గింది.

అప్పుడు మూడయింది. ముప్పై కీచురాళ్ళూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

గదిలో ఎవరూ కదల్లేదు. తలుపు తెరుచుకోలేదు. బయట చినుకులు వినిపించాయి. ఆమె చెప్తున్న పాఠం ఆపి, కుర్చీ వైపు తిరిగి, చాలా మామూలుగా అంది:

"భోంచేసి వచ్చారా, రండి నాన్నా. ఇవాళ ఇరవై మంది వచ్చారు."

పది నిమిషాల తర్వాత కీచురాళ్ళు మళ్ళీ అందుకున్నాయి. నా గ్రాఫ్‌లో ఆ పది నిమిషాలు సున్నా. రెండో రోజూ సున్నా. మూడో రోజూ.

మూడో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. మెట్ల మీద చూరు కింద ఇద్దరమే మిగిలాం. నా భుజం మీదికి ఏదో ఎగిరొచ్చి వాలితే బిగుసుకుపోయాను.

"కదలడం లేదు," అంది ఆమె నన్ను చూస్తూ.

"చచ్చిపోయానని రాసుకోండి."

"రెండు నిమిషాలు చూస్తా." ఆ మిడతని రెండు వేళ్ళతో సుతారంగా తీసి వానలోకి వదిలింది. వేళ్ళు నా మెడకి తగిలాయి. "భయమేస్తే చెప్పొచ్చుగా?"

"మీరంటేనా, పురుగులంటేనా?"

నవ్వింది. ఆ నవ్వు నాకు రెండు రోజులు నిద్రలేకుండా చేసింది. ప్రేమించానని ఆ మెట్ల మీదే తెలిసిపోయింది నాకు. చెప్పడానికే ధైర్యం లేదు. ఏ మాటకైనా ఆమె ముందు ఆ కుర్చీ వైపే చూస్తుంది.

నాలుగో రోజు మూడింటికి, కింద పడ్డ పెన్సిల్ కోసం వంగి నేల మీద చెయ్యి పెట్టాను. నేల సన్నగా అదురుతోంది. బయటికి పరిగెత్తాను. గోడ అవతల బిల్డింగులో నీళ్ళ మోటారు. రోజూ మూడింటికి వేసి పది నిమిషాలు తోడతానని వాచ్‌మన్ చెప్పాడు. కాళ్ళ కింద అదురు తెలిస్తే కీచురాళ్ళు ఆగిపోతాయి, మాకు రెండో రోజు పాఠమే అది.

తిరిగొస్తుంటే మేడం వాళ్ళమ్మ ఎదురైంది. రోజూ మాకు టీ తెచ్చేది ఆవిడే. చల్లారిపోయిన గ్లాసు చేతిలో ఉంది.

"దానితో మాట్లాడుతున్నావటగా బాబూ," అంది. "మంచిది. నాతో మాట్లాడటం ఎప్పుడో మానేసింది. ఏదైనా ఆయనతోనే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆమెకి తండ్రి పోతాడు. చెప్పకపోతే ఆమె ఆ కుర్చీ పక్కనే ముసలిదైపోతుంది. రాత్రంతా ఆలోచించి, ఐదో రోజు మధ్యాహ్నం అందరూ సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోయాక నా గ్రాఫ్ ఆమె ముందు పెట్టాను. సున్నా దగ్గర రాసి ఉంది: పక్క బిల్డింగు మోటారు.

చదివింది. ఆ మాటల మీద వేలు పెట్టింది.

"ఇది రాయకుండా ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. మీతో అబద్ధం మొదలెడితే జీవితమంతా లాక్కురావాలి."

"జీవితమంతానా?"

నోరు జారిందని అప్పుడు తెలిసింది. ఆమె మాత్రం దాన్ని పట్టుకోలేదు.

"ఒక్క కారణం కనిపిస్తే చాలదు. పరీక్షించాలి. మోటారు ఆపించండి."

మూడున్నర దాకా వెయ్యనని వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. తెరలు దించిన గదిలో మేమిద్దరం, గుమ్మంలో వాళ్ళమ్మ. మూడయింది. కీచురాళ్ళు పాడుతూనే ఉన్నాయి. ఒక నిమిషం. రెండు. ఐదు. అంత పెద్దగా అవి పాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆమె కుర్చీ వైపు చూసింది. తర్వాత హాజరు పట్టీ తెరిచి, ఆ రోజు గడిలో నెమ్మదిగా రాసింది: చనిపోయారు.

"రెండేళ్ళు," అంది, "మోటారుకి టీ పోశాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. వదిలించుకోలేదు.

మూడూ పది. కీచురాళ్ళు ఆగిపోయాయి.

అన్నీ, ఒక్కసారిగా. నేను మోకాళ్ళ మీద పడి నేలకి చెయ్యి ఆనించాను. అదురు లేదు. మోటారు లేదు. మాలో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు. గదిలో ఇంకొకరు ఉన్నప్పుడు ఎలా తెలుస్తుందో, అలా తెలుస్తోంది.

"మీ నాన్న ఏనాడు టైముకొచ్చారు గనక?" అంది గుమ్మంలోంచి వాళ్ళమ్మ.

ఆమె పెన్ను తీసుకుంది, రాసింది కొట్టెయ్యడానికి.

"కొట్టెయ్యకండి," అన్నాను. "అదీ నిజమే. ఇదీ మనం చూసిందే. కింద ఇంకో వాక్యం రాయండి, చాలు."

పెన్ను ఆగింది. నేను ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది. ఖాళీ కుర్చీ వైపు తిరిగాను.

"మాస్టారూ, నేను లెక్కలు చెప్తాను. పురుగులంటే భయం. మీ అమ్మాయంటే ప్రాణం. తను ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను."

పెట్టెలో ఒక్క కీచురాయి, ఒకే ఒక్కసారి, కూసింది.

"ఒప్పుకున్నట్టేనా?" అన్నాను.

"ఒక్క కూతతో తేల్చకూడదు," అంది ఆమె. కళ్ళ నిండా నీళ్ళు. "నా సంగతంటారా, మెట్ల మీదే ఒప్పుకున్నాను. మీరే గమనించలేదు."

అప్పుడు వాళ్ళమ్మ లోపలికొచ్చింది.

"ఆయన్ని అడిగావు, సరే బాబూ. బతికున్నదాన్ని, నన్నడగవా?"

అన్నది నాతోనే. తగిలింది కూతురికి. ఆమె లేచి, రెండేళ్ళుగా ఎదురుగా నడుస్తున్న మనిషిని ఇప్పుడే చూసినట్టు చూసి, దగ్గరికెళ్ళింది.

"నువ్వేమంటావమ్మా?"

వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పురుగులంటే భయమటగా నీకు?"

"అవునండీ."

"నాకూ భయమే. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు."

కూతురు ఏడుస్తూనే నవ్వింది, అమ్మ భుజం మీద తల పెట్టుకుని.