కోయని పుటలు

"ఆవిడ పళ్లు ఊడగొడతారటండీ! ఈ సాయంత్రమే!"

గుమ్మంలో అడుగు పెడుతూనే ఆ మనిషి అన్న మొదటి మాట అది. పలాస స్టేషను ఎదుట, కాఫీ హోటలు మేడ మీద ఉన్న డిటెక్టివ్ ఢిల్లీరావు ఆఫీసుకి ఏడుస్తూ వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, ఇలా మొదలుపెట్టినవాళ్లు లేరు. సహాయకుడు సోములు ఉలిక్కిపడి కాఫీ అంతా చొక్కా మీద ఒంపుకున్నాడు.

ఢిల్లీరావు ఒకప్పుడు రైల్వే పోలీసు. పై అధికారులతో పడక మానుకున్నాడు. ఎవరెంత కంగారుగా వచ్చినా ముందు కుర్చీ చూపించడం ఆయన పద్ధతి.

"కూర్చోండి. ఎవరి పళ్లు? ఎవరు ఊడగొడతారు?"

వచ్చినాయన పేరు నరహరి. టెక్కలిలో ఆయనకి చిన్న అచ్చాఫీసు ఉంది. శుభలేఖలూ, కరపత్రాలూ అచ్చువేసి పొట్ట పోసుకుంటూ, మిగిలిన తీరికంతా 'చీకటి గ్రంథమాల'కి ధారపోసేవాడు. దయ్యాల కథలూ, వింత కథలూ తప్ప ఆ గ్రంథమాలలో ఇంకేమీ రావు. ఏ పుస్తకమైనా నూరు ప్రతులే వేసి, అచ్చు అక్షరాలు విప్పి గళ్లలో పోసేస్తాడు. ఇక ఆ పుస్తకం మళ్లీ పుట్టదు. సోముల్లాంటి పిచ్చి అభిమానులు ఆ నూరుగురిలో చోటు దొరక్క ఏళ్లుగా లొట్టలు వేస్తున్నారు.

"సరోజినిగారని, వజ్రపుకొత్తూరు అవతల తోటల ఊళ్లో టీచరండీ. భర్త పోయాడు. కొత్త పుస్తకం 'మూసిన పెట్టె' ఆవిడ రాసిందే. అందులో ఒక మంత్రగత్తె తన పెట్టె ఎవరు తెరిచినా, కూర్చున్న చోటి నుంచే వాళ్ల చేతులు కాలుస్తుంది. ఇప్పుడు పుస్తకం తెరిచినవాళ్ల చేతులు నిజంగానే కాలిపోతున్నాయండీ! ఆవిడ చిల్లంగి పెట్టిందని ఊరంతా లేచింది."

సోములు నోరు తెరిచాడు. చిల్లంగి అంటే ఆ పక్క చేతబడి. ఆ పేరు పడిన మనిషికి ముందరి పళ్లు ఊడగొట్టి ఊరు దాటిస్తారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. స్వతంత్రం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చింది, ఈ దరిద్రం మాత్రం పోలేదు.

ఢిల్లీరావు నరహరి ఎడమచేతి వేళ్ల వంక చూశాడు. వేలి కొనల మీద పాత తోలు పొట్టులా రేగి, కింద లేత తోలు కనబడుతోంది.

"మీకూ కాలిందా?"

"అవునండీ. పుస్తకాలు అందరికీ మొన్న ఆదివారమే చేరాయి. నా ప్రతి నేనూ ఆదివారమే కోసుకున్నాను."

"కోసుకోవడమేమిటి?"

"మా గ్రంథమాల ఆనవాయితీ అండీ. పుటలు కోసి ఇవ్వం. మడతలు మడతల్లాగే ఉంటాయి, చదివేవాడే కత్తి పెట్టి కోసుకోవాలి. తనకంటే ముందు ఇంకెవడూ చదవలేదని అదో తృప్తి. అచ్చు వేసేందుకు మనిషున్నాడు గాని, మడత, కుట్టు, చివర ఒక్కో ప్రతి మీదా నంబరు వేయడం, పార్సెలు కట్టడం అన్నీ నా చేత్తోనే. ఇంకొకర్ని ముట్టనివ్వను." అంత బాధలోనూ ఆ మాట కాస్త గర్వంగానే అన్నాడు.

"ఇది జీడిగింజ తొక్కలోని సొన తగిలి కాలిన మచ్చే కదా?"

"ఆ సంగతి ఈ జీడితోటల ఉద్దానంలో ఎవరికి తెలీదండీ? కోయని పుటల్లోకి సొన ఎలాగెళ్లిందన్నదే అందరి ప్రశ్న. మనిషి చెయ్యి దూరని చోట మంత్రమే దూరిందంటున్నారు. ఎలాగైనా ఆవిణ్ణి కాపాడండి!"

ఢిల్లీరావు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

దారిలో కాశీబుగ్గలో ముగ్గురూ ఒక గుమస్తాగారి భార్య జగదాంబని చూశారు. ఆవిడా గ్రంథమాల చందాదారే. రెండు చేతులూ కొబ్బరినూనె రాసిన అరిటాకుల్లో పెట్టుకుని కూర్చుంది. ఆకు తీస్తే బొటనవేళ్ల నుంచి అరచేతి అంచు దాకా పొక్కులు, ఇంకా నీరు కారుతున్నాయి. సోములు ముఖం తిప్పుకున్నాడు.

"ఆదివారం రాత్రి సగం కోసేనండి. మంగళవారానికి ఇలాగైపోయింది. నా బిడ్డకి అన్నం కలిపి పెట్టలేకపోతన్నానండి," అందావిడ, కళ్లనీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఆడక.

తోటల ఊరు చేరేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. బడి అరుగు మీద జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో బల్ల, బల్ల మీద ఇనప పటకారు. కథల్లో ఇలాంటివి చదివి మురిసిపోయిన సోములుకి, నిజం పటకారు తుప్పు వాసన వేస్తుందని అప్పుడే తెలిసింది.

కొబ్బరితోటల ఆసామి సన్యాసిరావు ఎడమ కంటికి గుడ్డ కట్టుకుని ముందుకొచ్చాడు.

"డిటెట్టివంటే నువ్వేనేటి బావూ? ఇదిగో సూడు. పుస్తకం సగం కోసినాను. సెమట పడితే ఆ సేత్తోనే కన్ను తుడుసుకున్నాను. ఇప్పుడీ కన్ను కనబడ్నేదు. సూపు మరి రాదంతన్నాడు డాట్రు. ఆ మనిసిని వొగ్గీమంతావా?"

గుడ్డ ఎత్తి చూపించాడు. ఢిల్లీరావంతటివాడే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవర్నీ వదలమనడం లేదు. ఆ పుస్తకం ఒకసారి ఇప్పించండి," అన్నాడు మెల్లగా. సొన అంటకుండా చేతులకి కొబ్బరినూనె దట్టంగా పట్టించుకుని పుస్తకం విప్పాడు. ముందు సగం కోసి ఉంది, వెనక సగం మడతలు అలాగే ఉన్నాయి. కోసిన పుటల అంచుల్లో తేనెరంగు గీత ఒకటి కనబడుతోంది. ఒక పుట మీద మొదలై అంచు దగ్గర ఆగుతుంది, మరెక్కడో ఇంకో పుట మీద మళ్లీ మొదలవుతుంది.

సరోజిని మరిది పోలారావు గొంతు పెంచాడు. ఊరి చివర జీడి బట్టీ అతనిదే, పటకారూ అతనిదే.

"ఇంకా సూడ్డానికేటుందండీ? మా వొదిన సేతులు సూడండి. ఒక్క పొక్కు నేదు. తనూ పుస్తకం కోసింది. అందరి సేతులూ కాలినాయి, తనవి కాల్నేదు. ఇంకేటి కావాల?"

"సొన నీ బట్టీలో ఉంటుంది కదా, పోలారావూ?"

"ఉంటే? సొన నా కాడుంటాది. పుస్తకాలు నా కాడుంటాయేటి?"

"మీ వదిన ఊరు దాటితే మీ అన్న తోట ఎవరిదవుతుంది?"

జనంలో గుసగుస మొదలైంది. దొంగ దొరికాడనుకుని సోములు చంకలు గుద్దుకోబోయి, గురువుగారి ముఖం చూసి ఆగిపోయాడు.

సరోజినిని బడి గదిలోనే పెట్టి బయట గొళ్లెం వేశారు. ఢిల్లీరావు లోపలికి వెళ్లేసరికి, పిల్లల పలకల మధ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రెండు అరచేతులూ చాపి చూపించింది. శుభ్రంగా ఉన్నాయి.

"ఎందుకు కాలలేదని అందరూ నన్నే అడుగుతున్నారు. నాకేం తెలుసండీ? నేనూ మొదటి నుంచి చివరి దాకా కోశాను," అంది. పెదవుల మీద చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. అప్పుడే పళ్లు దాచుకోవడం అలవాటైపోయినట్టుంది.

ఆవిడ పుస్తకం చివరి పుట మీద చేత్తో వేసిన నంబరు 'ఒకటి'. మొదటి ప్రతి రచయితకే ఇవ్వడం గ్రంథమాల ఆనవాయితీ. అందులో ఎక్కడా తేనెరంగు గీత లేదు.

ఢిల్లీరావు ఆవిణ్ణి వెంటబెట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. అందర్నీ కూర్చోమన్నాడు. కొందరు కూర్చున్నారు.

"కోయని పుటల్లోకి సొన ఎలా వెళ్లిందన్నదే కదా మీ అనుమానం? చూడండి."

సన్యాసిరావు ఇచ్చిన పుస్తకంలో కోయని భాగం కుట్టు తెంపి, ఢిల్లీరావు మడతలు ఒక్కొక్కటే విప్పాడు. బల్ల మీద దుప్పటంత కాదు గాని, తువ్వాలంత కాగితం పరుచుకుంది. జనం మెడలు సాచారు. పుట పుటకీ తెగిపోయినట్టు కనబడిన తేనెరంగు గీత, కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా, ఎక్కడా తెగకుండా సాగింది.

"పుస్తకం పుట్టుకతోనే మూసుకుని ఉండదు. ముందు ఇలా పెద్ద కాగితం మీద అచ్చు వేస్తారు, తర్వాత మడుస్తారు. కాగితం పరిచి ఉన్నప్పుడే ఎవరో సొనలో ముంచిన కుంచెతో ఒక్క గీత గీశారు. ఆరాక మడిచారు. మంత్రం లేదు, మాయ లేదు."

ఢిల్లీరావు ఆ కాగితం జనానికి ఎత్తి చూపించాడు.

"పోలారావుకి తోట మీద ఆశ ఉంది. ఆ పటకారు తెచ్చినందుకు వేరే సమాధానం చెప్పుకోవాలి. కాని మడవని కాగితాలు అతని కంటపడే దారి లేదు. అవి టెక్కలి అచ్చాఫీసు దాటి రావు. పైగా రచయిత ప్రతి ఒక్కటే శుభ్రంగా ఉంది. మడతపెట్టేటప్పుడే ఒక ప్రతిని వేరుగా ఉంచి, చివర దాని మీదే ఒకటో నంబరు వేయాలంటే, మడతా, నంబరూ రెండూ ఒకే చేతివై ఉండాలి. ఆ చేతికి కాలిన పుండు మిగతావాళ్లకంటే పాతదై ఉండాలి. జగదాంబగారి పొక్కులు ఇంకా నీరు కారుతున్నాయి. అదే ఆదివారం కోశానన్నాయన వేళ్లు మాత్రం ఎండి, పొట్టు రేగి, కొత్త తోలు కూడా వచ్చేసింది."

నరహరి ఎడమ చెయ్యి కండువాలోకి లాక్కున్నాడు. అందరూ అప్పుడే అటు తిరిగారు.

"గురువుగారూ! ఈయన మన దగ్గరికొచ్చిన మనిషి కదండీ!" అన్నాడు సోములు.

నరహరి నేల మీద కూలబడ్డాడు.

"ఎవరి కన్నూ పోవాలని కాదండీ, దేవుడి తోడు. కాస్త దురద పుడుతుంది, కాస్త భయపడతారనుకున్నాను. ఇన్నేళ్లు దయ్యాల పుస్తకాలు వేశాను, ఒక్కడూ భయపడలేదు. ఈ సన్యాసిరావుగారే, నా పుస్తకం చదివితే కమ్మగా నిద్ర పడుతోందని నలుగురిలో నవ్వారు. ఒక్కసారి, ఒక్క పుస్తకానికి జనం వణికితే చాలనుకున్నాను."

సన్యాసిరావు గుడ్డ కట్టిన కంటి మీద చెయ్యి వేసుకున్నాడు. "నవ్వినానా? ఎప్పుడు నవ్వినాను? నాకు గేపకమే నేదురా నాయనా," అన్నాడు.

"అన్నీ తెలిసి నా దగ్గరికెందుకు వచ్చారు?" అని అడిగాడు ఢిల్లీరావు.

"నా నోటితో చెప్పలేకపోయానండీ. మీరు ఇంకేదో కారణం కనిపెట్టి ఆవిణ్ణి తప్పిస్తారనుకున్నాను."

అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్న సరోజిని ముందుకు వచ్చింది.

"నా పుస్తకానికి ఎందుకు పుయ్యలేదు, నరహరిగారూ?"

"రాసే చేతులండీ అవి. కాల్చడానికి మనసొప్పలేదు."

"నా చేతులు కూడా కాలి ఉంటే, నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు కదండీ."

జనంలో ఆడవాళ్లెవరో గట్టిగా ఏడ్చారు. సన్యాసిరావు లేచి ఆవిడకి దండం పెట్టబోయాడు, ఆవిడ చూడలేదు. పోలారావు మెల్లగా వెనక్కి జరిగాడు గాని, సోములు మెట్ల దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

సరోజిని బల్ల మీది పటకారు రెండు చేతులతో ఎత్తింది. అది తెచ్చి నరహరి ఒళ్లో పెట్టింది.

"మీరు కోరుకున్న భయం ఇదేనండీ. పొద్దుటి నుంచి ఆ గదిలో కూర్చుని మొత్తం నేనే పడ్డాను. నూరు ప్రతులు కూడా కాదు, ఆ భయం అచ్చయింది ఒక్కటే ప్రతి," అంది. ఈసారి పెదవులకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.