ఐదింటి క్లాసులో రెండో కుర్చీ

సాయంత్రం ఐదు కాకముందే కట్టమ్మ దేవుని దగ్గర దీపం పెట్టి, ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి, ఎదురుగా రెండు కుర్చీలు వేసింది. వేశాక గుర్తొచ్చింది, ఇక ఒకటి చాలని. తీయబుద్ధి కాలేదు.

కాశిబుగ్గలోని ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా అదే అలవాటు. మతిమరుపు జబ్బు పడ్డ పెద్దవాళ్లకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ కలిపి సౌమ్య ఫోన్‌లో కసరత్తు చేయిస్తుంది. ఆరు జంటలు, తెరమీద ఆరు గడులు. ఆఖర్న ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవాలని నియమం.

నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన ఎల్లస్వామి చేతులు ఎత్తమంటే ఎత్తేవాడు. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం పెండ్లాం మొహంలోకి చూసి మెల్లగా అడిగేవాడు, "నువ్వెవలమ్మా?"

"నువ్వన్న పేరుపెట్టి పిలువు పెద్దమ్మా, యాదికొస్తది," అనేది సౌమ్య.

"అమ్మో! మొగని పేరు నోటితోని అంటే ఆయుష్షు తగ్గుతది బిడ్డా."

ఆయన పిలవలేదు. ఆమె పిలవలేదు. ఆయుష్షు అయిపోనే పోయింది. నిన్ననే పదకొండో రోజు. అందరికీ ఒక దండం పెట్టి సెలవు తీసుకుందామని ఈ పూట కూర్చుంది.

"ఈ ఒక్కరోజు మాతోని చెయ్యి పెద్దమ్మా," అంది సౌమ్య.

చేతులు లేచాయి. దిగాయి. పై గడిలో జమాల్ ఉన్నట్టుండి నవ్వాడు. ఆయనకు సొంత కొడుకులే గుర్తుండరు.

"ఏం ఉస్తాద్, ఇయ్యాల జోరు మీదున్నవ్?"

భార్య ఇమాంబీ ఆయన చెయ్యి గిల్లింది. "ఊకో! ఆయన పోయిండు."

"యాడికి పోయిండు? నీ కండ్లద్దాలు తుడుచుకో. కుర్చీల కూసున్నడు గద!"

కట్టమ్మ పక్కకు చూసింది. ఖాళీ కుర్చీ. తెరమీదా ఖాళీ కుర్చీయే.

కానీ... జబ్బుపడ్డ ఐదుగురూ దాన్నే చూస్తున్నారు. సౌమ్య ఎత్తమన్నా చేతులు ఎత్తడం లేదు. కూర్చున్నచోటే కాళ్లు ఆడిస్తున్నారు. కుడి... ఎడమ... కుడి... ఎడమ... మగ్గం తొక్కినట్టు. వాళ్లలో మగ్గం ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

గదిలో వాసన. నూలుకు పట్టించే పచ్చి గంజి వాసన. మగ్గం విప్పేసి ఏడేండ్లయింది.

"పేర్లు చెప్పుకొని ఆపుదాం," అంది సౌమ్య.

ఐదుగురి పెదవులూ ఒక్కసారే కదిలాయి.

"ఎర్రపోగా..."

కట్టమ్మ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. పెండ్లినాటి ఎర్రచీర చూసి ఎల్లస్వామి తనకు పెట్టుకున్న పేరు అది. తలుపు వేసుకున్నాకే పిలిచేవాడు. అత్తకు తెలియదు. పిల్లలకు తెలియదు.

"ఉన్నవా?" గుసగుసగా అడిగింది. "నాకు సుత కనవడరాదూ... ఒక్కసారి."

కుర్చీ కిర్రుమంది.

ఉన్నాడు. తెల్లబనీను. భుజాల మీద దూది నూగు. ఎనిమిది నెలలుగా ఆమె మొక్కుకున్న చూపు... మనిషిని ఎరిగిన చూపు.

"కనవడ్డడు ఇమాంబీ! మా ఆయన కనవడ్డడు!" ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నాకైతే ఖాళీ కుర్చీనే అక్కా," ఇమాంబీ జమాల్‌ను గట్టిగా పట్టుకుంది. "యాది లేనోళ్లకే కనవడ్తుండు..." అని ఆగిపోయింది.

"పెద్దమ్మా," సౌమ్య దాదాపు అరిచింది. "పెదనాయన పేరు చెప్పు. జల్ది చెప్పు!"

చెబుతుంది. ఇంక ఏ ఆయుష్షుకు భయం? కట్టమ్మ నోరు తెరిచింది. నాలుక చివరనే ఉంది పేరు. ఇప్పుడే... ఇప్పుడే వస్తుంది...

కింద ఆమె కాళ్లు ఎప్పుడో కదలడం మొదలుపెట్టాయి. కుడి... ఎడమ...

పక్కనున్న మనిషి మొహంలోకి చూసి, మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగింది.

"నువ్వెవలయ్యా?"