కామెంట్‌లో దాక్కున్న కంటైనర్

సెలూన్ కుర్చీలో, ముఖం మీద నురగ ఆరకముందే ఇన్‌ఫార్మర్ గొంతు తెగింది. తెల్లకోటు వేసుకొచ్చిన హంతకుడు వెనక గుమ్మంలోంచి మాయమయ్యాడు. చనిపోయినవాడి వాచీలోని ట్రాన్స్‌మిటర్ మాత్రం అప్పటికే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను హెడ్‌క్వార్టర్స్‌కు పంపేసింది. నిండు ప్రాణం పెట్టి కొన్న సరుకది.

"విదేశీ ముఠా విషవాయువు కంటైనర్ రేవులో ఉంది," అన్నాడు చీఫ్. "ఇంకోదానికి బాంబు కట్టారు, మనవాళ్ళ కోసం. ఏది ఏదో ఈ ఫైలే చెప్పాలి."

డీకోడింగ్ సెక్షన్‌లో నెమలి, ఫైల్‌లో నంబర్ వెతికే స్క్రిప్ట్ నడిపింది. ఆమె అందం చూసి పెట్టిన కోడ్‌నేమ్ అది.

"ఏడో నంబర్, సార్. డిజిటల్ సీలు సరిపోయింది. డేటాలో అక్షరం మారలేదు."

కమాండోలు కదిలారు. వాళ్ళ కెప్టెన్ ఏజెంట్ కాటాకు సొంత అక్క మొగుడు. కాటా అన్నది ఆఫీసు పెట్టిన పేరు. రెండోసారి తూచందే ఏ సరుకూ దించుకోడని.

"స్క్రిప్ట్ చూపించు," అన్నాడు కాటా.

"ఏముంది చూడ్డానికి? కంటైనర్ ట్యాగ్ వెతికి, మొదట దొరికిన నంబర్ తీశా. ఇక్కడ అందరూ చేసేదేగా!"

"వెతికావు, చదవలేదు. పార్సర్ ఏదీ?"

"టైమ్ లేదు మహానుభావా! అక్కడ మీ బావగారు కాచుక్కూర్చున్నారు."

ఆ తొందరే కాటాకు నచ్చలేదు. పక్క సిస్టమ్‌లో ఫైల్‌ను పార్సర్‌కు అప్పగించాడు. ఏ ట్యాగ్ దేని లోపల ఉందో అది వరసగా చదివి, కామెంట్లను, అంటే డేటా కాకుండా మనుషుల కోసం రాసే పక్కమాటలను, వదిలేసి తేల్చింది: పన్నెండు.

ఫైల్ తెరిచి చూశాడు. ఏడో నంబర్ ఒక కామెంట్ లోపల ఉంది. డేటా ముట్టుకుంటే సీలు చెడుతుంది. కామెంట్లను సీలు లెక్కలోకే తీసుకోదు. ఫైల్ వచ్చాక దానిమీద చెయ్యిపడింది ఒక్క నెమలిదే.

కాటా వైర్‌లెస్ అందుకున్నాడు. నెమలి పిస్టల్ తీసింది. గుండు కాటా భుజంలోంచి దూసుకుపోయింది.

"బావా, తాళం వదులు! ఏడులో బాంబుంది, పన్నెండు చూడు!"

చీఫ్ ఆమె చెయ్యి విరిచి పిస్టల్ లాక్కున్నాడు.

"తాళంచెవి సగం తిప్పాన్రా," అన్నాడు బావ వైర్‌లెస్‌లో. "మీ అక్కకి చెప్పకు."

కాసేపటికి మళ్ళీ అదే గొంతు: "పన్నెండు దొరికింది. దాన్ని ఎక్కించుకున్న లారీ రేవు గేటు దాటబోతుంటే డ్రైవర్‌ని కాల్చేశాం."

బేడీలు పడ్డ నెమలి నవ్వింది. "మీ ఆఫీసు బద్ధకాన్ని నమ్ముకుని దిగాను. ఏళ్ళ తరబడి చెడని సరుకు."

కాటా రక్తం కారుతున్న భుజాన్ని అదిమిపట్టాడు.

"సరుకు మేలైందే. ధర పడిపోయే రోజున కొన్నావు."