అర కప్పు మోతాదు

చేయవలసిన పనులు మూడు. ఖటోదరాలోని మగ్గాల షెడ్డులో హెల్త్ క్యాంప్ అటెండర్‌గా చేరాలి. కార్మికుల ఉమ్మి సీసాలు కొన్ని దొంగిలించాలి. ఆ క్యాంప్ నడిపే డాక్టర్ శ్రీలేఖను నమ్మకూడదు.

"మూడోది ఎందుకు సార్?" అడిగాడు ఏజెంట్ కౌండిన్య.

"ఆమె మనకీ, ఒక విదేశీ ముఠాకీ ఇద్దరికీ పనిచేస్తోంది," అన్నాడు ఫోన్‌లో చీఫ్ త్రివిక్రమరావు. "మెదడులో నరాలు అసిటైల్‌కోలిన్‌తో మాట్లాడుకుంటాయి. పని అయ్యాక ఒక ఎంజైమ్ దాన్ని తుడిచేస్తుంది. ఆ ముఠా తయారుచేసిన పొడి ఈ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. అసిటైల్‌కోలిన్ పేరుకుంటే మనిషి దిగులులో కూరుకుపోతాడు. కార్టిసాల్, అంటే స్ట్రెస్ హార్మోన్, ఒంట్లో పోటెత్తుతుంది; ఉమ్మి పరీక్షిస్తే తెలిసిపోతుంది."

"పులి లేకుండానే పులి భయం."

"అదే. షెడ్డు చాయ్‌లో కలిపి పరీక్షిస్తున్నారు. శుక్రవారం రెండు గంటలకు హజీరాలో ఒక గ్యాస్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో వాడతారు. అలారం మోగినా చెయ్యి లేపని మనుషులు వాళ్లకు కావాలి. అక్కడివాళ్లను తాగనివ్వు. ఆ పొడి కనిపెట్టిన ప్రొఫెసర్‌ను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందాం. విరుగుడుకు అట్రోపిన్ ఇంజెక్షన్లు ఉన్నాయిగా."

నాలుగు రోజులు కౌండిన్య ఉమ్మి పట్టాడు. నమిలి ఊసిన మావా, అంటే వక్కపొగాకు తుంపులు, ఎర్రటి నురగ, వేళ్లకు అంటే జిగట. అది భరించాడు. భరించలేనిది శ్రీలేఖ టాబ్లెట్‌లోని నోట్సు: "పద్నాలుగో నంబర్. నలభై నిమిషాలు ఏడ్చాడు. ఫలితం బాగుంది." కింద ఇంకో వరుస: "తొమ్మిదో నంబర్ మరణం. మద్యం కారణం. లెక్కలోంచి తీసేశాం."

శుక్రవారం పన్నెండున్నరకు పద్నాలుగో నంబర్ పరుశురాం సీసా ఇస్తూ గొంతు తగ్గించాడు.

"సార్, మా తొమ్మిదో నంబర్ వెంకటయ్య తాగుబోతోడు కాదు. ఒక్క చాయ్ ఇద్దరం తాగుతం. ఇద్దరం ఒక్కపారి మగ్గం ఇడిస్తే సేఠ్ తిడ్తడు. ఆయన సగం తాగి నాకిస్తడు, అప్పటిదాంక నేను రెండు మగ్గాలు జూస్త."

"అందరూ అంతేనా?"

"అందరం జోడీలే సార్. మొన్న నాకు జరమొచ్చి రాలే. కప్పు మొత్తం ఆయనే తాగిండు. నోట్లె నురుగొచ్చింది, దమ్మాడలే. అయిదు నిమిషాలల్ల పాణం పోయింది."

కౌండిన్య లెక్క వేశాడు. ఏడిపించిన మోతాదు అర కప్పుది. చంపినది పూర్తి కప్పు. హజీరాలో ఎవరూ కప్పు పంచుకోరు.

నమ్మకూడదన్న శ్రీలేఖకే సంగతంతా చెప్పాడు; అతన్ని ఎక్కించుకుని ఆమె కారు హజీరా రోడ్డెక్కింది. సెంటు వాసన, నల్లకళ్లద్దాలు.

"ప్రొఫెసర్ షెడ్డులోకి ఎప్పుడైనా వచ్చాడా?"

"వాసన పడదని రాలేదు. జోడీల సంగతి అతనికీ తెలీదు. అరే యార్, చావులు ఉండవని నాతో చెప్పారు."

"ఏడుపు వరకైతే ఫర్వాలేదా, మేడమ్?"

ఆమె స్పీడు పెంచింది.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "రెట్టింపు మోతాదు సార్. సూది గుచ్చేలోపే ఊపిరి ఆగుతుంది."

"తాగనివ్వమన్నాను. ఇది ఆర్డర్."

కౌండిన్య ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగంలో చేరాక అతను మాట జవదాటడం అదే మొదలు.

రెండుకు ఒక నిమిషం. కంట్రోల్ రూమ్‌లో ఎనిమిది కప్పులు. కేటరింగ్ టోపీలో ప్రొఫెసర్ నవ్వుతూ ట్రే పట్టుకున్నాడు. షిఫ్ట్ ఇంజనీర్ సుప్రజ టీ ఊదుకుని పెదవికి ఆనించబోయింది. కౌండిన్య ఆ కప్పును చేత్తో కొట్టి, ట్రేను తన్నాడు. లిప్‌స్టిక్‌లా కనిపించే శ్రీలేఖ బుల్లి పిస్తోలు ప్రొఫెసర్ మెడకు ఆనింది.

"ఏమండీ," అంది సుప్రజ, తడిసిన చున్నీ దులుపుకుంటూ, "పన్నెండు గంటల డ్యూటీలో ఒక్క టీ కూడా తాగనివ్వరా?"

సాయంత్రం ఢిల్లీ రిపోర్టు వచ్చింది: ఆపరేషన్ విజయవంతం. ప్రాణనష్టం లేదు. చిందిన టీ గురించి ప్లాంటు వారి ఫిర్యాదు మాత్రం పరిశీలనలో ఉంది.

ప్రాణనష్టం ఉంది. వెంకటయ్య, జగిత్యాల దిక్కు మనిషి, మగ్గం పని. జ్వరమొచ్చిన జోడీగాడి వాటా చాయ్ కూడా తాగి చనిపోయాడు. రిపోర్టులో ఆయన పేరు లేదు. చదివినవారు దయచేసి గుర్తుపెట్టుకోండి.