ఐసు ఫ్యాక్టరీ మలుపులో పద్నాలుగో సెకను

కైకలూరు నుంచి కలిదిండి పోయే దారిలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. దాని పక్క మలుపు మంచిది కాదండీ. ఇప్పటికి నాలుగొందల మోటారు సైకిళ్లని మింగింది. సరే, నలభై అనుకోండి. చేపల లారీల్లోంచి కారే ఐసు నీళ్లతో అక్కడ రోడ్డు ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది. ఆ తడిలోంచి తెల్లచీర కట్టుకుని ఒకావిడ లేస్తుందట... తాటిచెట్టంత పొడుగట!

మా పక్కింటి హన్నమ్మ కొడుకు వినయ్ మాత్రం నవ్వాడు. వాడు చేపల వ్యాను డ్రైవరు.

"దానికి దొరికితే కదా! దెయ్యం కంటే నా బండే స్పీడు."

అన్నవాడు ఊరుకోలేదు. పోయిన చలికాలం ఒక రాత్రి ఛాతీకి ఫోను కట్టుకుని మోటారు సైకిల్ మీద బయల్దేరాడు. తర్వాత సంగతి వాడు చెప్పిందే చెబుతున్నాను.

చుట్టూ చెరువులు... మంచు... మనిషన్నవాడు లేడు. మీటరు మీద నూట పన్నెండు. "రావే, చూద్దాం!" అని అరిచాడు.

మలుపు తిరిగాడు.

చక్రం సర్రుమంది — బండి పక్కకి లాగేసింది — ఎదురుగా... తెల్లచీర.

చెయ్యెత్తింది. "ఆగు..."

వాడు ఆగలేదు. ఎలా తప్పించుకున్నాడో, ఎలా ఇల్లు చేరాడో వాడికే తెలీదు.

తెల్లారేసరికి భయం పోయి పొగరొచ్చింది. "దెయ్యం ఓడిపోయింది" అని వీడియో పెట్టేశాడు. చివర తన మొహం, బండి నంబరు కూడా అతికించాడు. మీటరు, తారీకు — అన్నీ అందులోనే. సాయంత్రానికి లోకమంతా చూసింది. లోకంలో పోలీసులు కూడా ఉంటారు కదండీ! వీడు తీసేసేలోపే వాళ్లు దాచుకున్నారు.

ఏడుస్తున్న హన్నమ్మకి తోడుగా నేనూ స్టేషనుకి వెళ్లాను. లైసెన్సు పోతే వాడికి వ్యాను పోతుంది. వ్యాను పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"దెయ్యం తరుముతుంటే నెమ్మదిగా వెళ్లమంటారా సార్?" ఎదురు తిరిగాడు వినయ్.

ఎస్సైగారు వీడియో తిప్పారు. "దెయ్యం వచ్చింది పద్నాలుగో సెకనులో. నూట పన్నెండు మూడో సెకనులోనే ఉంది. తప్పు చేసింది నువ్వే, సాక్ష్యం తీసింది నువ్వే. మాకిక పనేముందిరా?"

"అయినా అది దెయ్యమే సార్!"

"అయితే పాదాలు వెనక్కి ఉండాలే..." అంటూ బొమ్మ పెద్దది చేశారు.

పాదాలు ముందుకే ఉన్నాయి. వాటికి నీలం హవాయి చెప్పులు. ఎడమదానికి మాత్రం ఎర్ర పట్టీ.

గదిలో అందరూ... నెమ్మదిగా... నా కాళ్ల వైపు చూశారు.

"మామ్మగారూ," వినయ్ గుసగుసలాడాడు, "అది మీరు కాదని చెప్పండి..."

ఒక్క అబద్ధం చాలు. రోజుకి వంద ఆడేదాన్ని. కానీ ఆ రాత్రి వాడి చక్రం నా చీర కుచ్చిళ్లని రాసుకుంటూ పోయింది. వాడికీ చెరువుకీ మధ్య జానెడే మిగిలింది. ఇందులో కొసరేమీ లేదండీ.

"నేనే బాబూ. ఆరేళ్లుగా నేనే. ఆ నీళ్లు కారకుండా ఎవరూ ఆపరు. వీళ్లు బళ్లు ఆపరు. దెయ్యమంటేనైనా ఆపుతారని!"

వినయ్ లైసెన్సు మూడు నెలలు పోయినట్టేనన్నారు ఎస్సైగారు. హన్నమ్మ గొల్లుమంది.

"ఊరుకోవే, మూడు నెలలూ మా ఇంట్లో తినండి," అన్నాను.

"రోడ్డు మీద జనాన్ని భయపెడితే మీ మీదా కేసు పెట్టాలి మామ్మగారూ."

"పెట్టు నాయనా. నాకు లైసెన్సే లేదు, దేన్ని సస్పెండు చేస్తావు?"

చెప్పులు ఈడ్చుకుంటూ లేచాను.

"చీకటి పడుతోంది. డ్యూటీకి వేళైంది."