జానెడు తగరపు గొట్టం

శత్రువు ఒక్క గుండు కూడా పేల్చలేదు. అయినా యుద్ధం జరుగుతున్న విపావా లోయ మీద లెఫ్టినెంట్ హెల్మెర్ విమానం గిర్రున తిరుగుతూ వచ్చి ద్రాక్షతోటలో కూలింది. తోటలో దొరికిన ప్రొపెల్లర్ ముక్కకు నాలుగు కన్నాలున్నాయి. నాలుగూ వెనక నుంచి ముందుకు పడినవే. హెల్మెర్‌ను చంపింది అతని మెషీన్ గనే.

పదిహేను రోజుల్లో అలా పోయిన వాళ్ళలో అతను మూడోవాడు.

మూడు రోజుల తర్వాత, సాయంత్రం, వియన్నాలో ఏజెంట్ పదకొండుకు పిలుపు వచ్చింది. అతని అసలు పేరు వాలెంటిన్. గూఢచారి శాఖలో కల్నల్ గది ఎప్పుడూ చలిగానే ఉంటుంది.

"ష్వార్ట్స్‌లోజ గన్ గురించి నీకేం తెలుసు?" అన్నాడు కల్నల్, కూర్చోమనైనా అనకుండా.

"కందకాల్లో వాడే గన్, సార్. నీళ్ళ తొడుగు ఊడదీసి విమానానికెక్కించారు."

"ఎక్కించి, ప్రొపెల్లర్ వెనకాల పెట్టాం. గుండు రెక్కల సందులోంచి పోవాలి. దానికి ఇంజన్‌కీ గన్‌కీ మధ్య ఒక గేర్. ఇంజన్ వేగం మరీ తగ్గినా, మరీ పెరిగినా ఆ గేర్ లెక్క తప్పుతుంది. అందుకే వేగం చూపించే మీటర్ మీద ఆకుపచ్చ గీత గీయించాం. ముల్లు గీతలో ఉంటేనే ట్రిగ్గర్ నొక్కాలి. బయట నొక్కాడా, తన ప్రొపెల్లర్ తనే నరుక్కుంటాడు."

"పైలట్లకి తెలుసుగా?"

"మొదటి పాఠమే అది. ఎవరో గన్‌లు చెడగొడుతున్నారు. దొంగ దొరికాడులే. గన్‌ల మెకానిక్ కుబాట్. చెక్ జాతివాడు. ఇంజన్ మోగినప్పుడల్లా జేబులోంచి పిల్లనగ్రోవి లాంటిదేదో తీసి ఊదుతాడట. శత్రువుకి సైగలు. మన వానకోయిల పట్టించింది."

వాలెంటిన్ తల వంచుకున్నాడు. వానకోయిలంటే ఒటీలియా. నిరుడు గోరిజియా పట్టణం శత్రువు చేతికి చిక్కినప్పుడు, ఖాళీ పక్షి పంజరం పట్టుకుని రోడ్డు మీద నడుస్తున్న ఆమెకు వేడి కాఫీ ఇప్పించినవాడు అతనే. సైనికుల క్యాంటీన్లలో పాటలు పాడే ఉద్యోగం చూపించి, అక్కడి మాటలు విని శాఖకు చేరవేసే పని నేర్పినవాడూ అతనే. కుబాట్ మీద ఆమె పంపిన రిపోర్టుకు కింద సంతకం పెట్టిందీ అతనే.

"రేపు పదకొండింటికి వాణ్ణి కాల్చేస్తారు. ఈలోగా వాడి వెనకాల ఉన్న ముఠా పేర్లు రాబట్టు. చచ్చేవాడు ఫాదర్ దగ్గర అబద్ధం చెప్పడు." కల్నల్ బల్ల కింద నుంచి ఒక మూట తీసి విసిరాడు. అందులో పాదాల దాకా వచ్చే నల్లటి అంగీ, ప్రార్థన పుస్తకం ఉన్నాయి. పుస్తకం లోపల తొలిచి చిన్న రివాల్వర్ అమర్చారు.

*

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఫాదర్ వాలెంటిన్ విమానాల మైదానంలో దిగాడు. కొండల మీంచి దిగే బోరా చలిగాలి ఈడ్చి కొడుతోంది. గుడారాల ముందు అయిదు విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి.

కెప్టెన్ రైఫ్ ఎర్రటి మొహంతో ఎదురొచ్చాడు. పక్కన నీలం టోపీలో, మెడ చుట్టూ నక్కతోలుతో ఒటీలియా ఉంది. ఆమె నడుస్తుంటే మెకానిక్‌లు స్పానర్లు దించేసి చూస్తున్నారు.

"గోరిజియాలో చెర్రీలు పండాయా, అమ్మా?" అన్నాడు వాలెంటిన్.

"ఇంకో వారం పడుతుంది ఫాదర్," అంది ఒటీలియా. అది వాళ్ళ గుర్తుమాట. ఎవరూ వెంటాడడం లేదని దానర్థం. అంగీ వంక చూసి ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"పదింటికి అయిదు బళ్ళూ లేస్తాయి," అన్నాడు కెప్టెన్ హుషారుగా. "ద్రోహిని పట్టేశాం కదా, ఇంక మావాళ్ళకి భయం లేదు. అన్నిటికీ కొత్తగా సరిచేయించిన మీటర్లు బిగించాం. ఈవిడ పుణ్యమే! మన లారీలో వేస్తే లైబాఖ్ పట్టణం నుంచి వచ్చేలోపు అద్దాలన్నీ పగిలి ఊరుకుంటాయి. ఈవిడైతే పట్టు గౌన్ల మడతల్లో పెట్టుకుని తెస్తుంది. ఇంతవరకూ ఒక్కటి పగిలితే ఒట్టు!"

"గౌన్లకే నూనె మరకలు," అంది ఒటీలియా.

అందరూ నవ్వారు. వాలెంటిన్ కూడా నవ్వాడు.

*

కుబాట్‌ను తాళ్ళూ డబ్బాలూ పెట్టుకునే కొట్లో ఉంచారు. యాభై దాటిన మనిషి. బట్టతల, నూనె ఇంకిన గోళ్ళు. వాలెంటిన్ తలుపు వేసి, శిలువ గుర్తు వేసి, లాటిన్‌లో రెండు వాక్యాలు చదివాడు.

కుబాట్ మర్యాదగా చివరిదాకా విన్నాడు. "అయ్యా, తప్పుగా అనుకోకండి. ముప్పై ఏళ్ళు చర్చిల్లో ఆర్గన్ వాయిద్యాలు శ్రుతి చేశాను. రెండో వాక్యం మీరు చదివింది పెళ్ళిది."

వాలెంటిన్ పుస్తకం మూశాడు.

"మీరు ఫాదర్ కారు. పోలీసా?"

"అలాంటిదే."

"మంచిదే. ఫాదర్‌నైతే నిరాశపరిచేవాణ్ణి. నా దగ్గర చెప్పుకోడానికి పాపాలు తక్కువ."

"ఆ పిల్లనగ్రోవి సంగతేమిటి?"

"పిల్లనగ్రోవి కాదు సార్. మా ఊరి చర్చి ఆర్గన్‌లో ఒక గొట్టం." కుబాట్ చేతులు గాలిలో ఆ పొడవు చూపించాయి. జానెడు. "యుద్ధానికి తగరం కావాలని ఆర్గన్ మొత్తం విప్పుకుపోయారు. గుమ్మంలో నిలబడి చూశాను. అన్నిట్లోకీ చిన్నదాన్ని చొక్కాలో దాచుకున్నాను. కావాలంటే అదొక దొంగతనం, రాసుకోండి."

"ఇంజన్ దగ్గర ఊదడం ఎందుకు?"

"గన్ పరీక్షించాలంటే ఇంజన్ సరైన వేగంలో ఉండాలిగా. ఆ వేగంలో ఇంజన్ మోత, ఈ గొట్టం మోత ఒకటే స్వరం. అది మంద్రంలో పలుకుతుంది, ఇది తారంలో. ఊదుతాను, శ్రుతి కలవగానే కాలుస్తాను. నేను పరీక్షించిన గన్ ఒక్కసారి కూడా ప్రొపెల్లర్‌ని తాకలేదు సార్."

"మీటర్ చూడవా?"

"చెవులుండగా మీటరెందుకు సార్?"

బయట ఇంజన్ ఒకటి దగ్గి అందుకుంది. మోత పెరిగి పెరిగి ఒకచోట నిలబడింది. "ఆకుపచ్చ!" అని ఎవరో కేకేశారు.

కుబాట్ తల పక్కకు వాలింది. కళ్ళు మూసుకున్నాడు. రెండో ఇంజన్ మోగింది, నిలబడింది. "ఆకుపచ్చ!" ఈసారి అతని మొహంలో రంగు పోయింది.

"శ్రుతి తప్పింది," అన్నాడు మెల్లగా. "రెండూ తప్పే. మీటర్లు అబద్ధం చెబుతున్నాయి సార్." కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "నేను నేల మీద చెవితో సరిచూసి 'బాగుంది, వెళ్ళండి బాబూ' అన్నాను. వాళ్ళు పైకెళ్ళి మీటర్ చూశారు. నాకు కాస్త చెవుడుంటే నేనూ మీటరే చూసేవాణ్ణి, ఆ తప్పు మొదటి రోజే బయటపడేది. ముగ్గురు సార్. హెల్మెర్‌కి పోయిన నెలే కూతురు పుట్టింది."

వాలెంటిన్ అతని మొహంలోకి చూస్తున్నాడు. అబద్ధాన్ని పట్టుకోవడమే అతని వృత్తి. ఇక్కడ పట్టుకోడానికేం దొరకలేదు.

"కుబాట్, ఒకమాట. నువ్వీ తలుపు వెనకాల ఉండగా ఆ విమానాలు కూలితే, ద్రోహివి నువ్వు కాదని రుజువవుతుంది. నోరు మూసుకుని అరగంట కూర్చుంటే బతికిపోతావు."

"ఆ లెక్క నాకూ తట్టింది సార్, మీకంటే ముందే," అన్నాడు కుబాట్. "మొదటి బండి మిక్లోష్‌ది. వాడికి పందొమ్మిదేళ్ళు. కాళ్ళు అందవని సీటు వెనక నా దిండు పెట్టుకుంటాడు. పరిగెత్తండి సార్! ఇంకా నిలబడతారేం?"

*

చేత ప్రార్థన పుస్తకంతో, గాలికి అంగీ ఎగిరిపోతుండగా మైదానంలో పరిగెత్తే ఫాదర్‌ను చూసి సైనికులు ఈలలు వేశారు. మిక్లోష్ విమానం అప్పుడే కదిలింది. వాలెంటిన్ సరిగ్గా దాని ముందుకెళ్ళి చేతులు చాచి నిలబడ్డాడు. విమానం ఆగేసరికి ప్రొపెల్లర్ అతని ఛాతీకి రెండు గజాల దూరంలో తిరుగుతోంది.

"తప్పుకో ఫాదర్! పిచ్చెక్కిందా?" అని కెప్టెన్ అరిచాడు.

వాలెంటిన్ అంగీ గుండీ విప్పి లోపలి బిళ్ళ చూపించాడు. "గూఢచారి శాఖ. చక్రాలకి మొద్దులు వెయ్యండి. ముక్కు ఇసుకదిబ్బ వైపు తిప్పండి. నిన్న రాత్రి నుంచి ఈ గన్‌ని కుబాట్ ముట్టుకున్నాడా?"

"లేదు. తాళంలో ఉన్నాడుగా!"

"మిక్లోష్, ఇంజన్ పెంచు. ముల్లెక్కడుంది?"

"ఆకుపచ్చ మధ్యలో సార్!" కుర్రపైలట్ గొంతు కీచుమంది.

కాల్చమనే ముందు వాలెంటిన్ ఒకసారి చుట్టూ చూశాడు. కెప్టెన్, మెకానిక్‌లు, వంటవాడు, అందరూ విమానానికి అటూ ఇటూ గుమిగూడి మెడలు సాచి చూస్తున్నారు. ఒక్క మనిషి మాత్రం నీలం టోపీ చేత్తో పట్టుకుని, తొందరపడకుండా లారీ వెనక్కి నడిచింది. ముక్కలు ఏ వైపు ఎగురుతాయో ముందే తెలిసిన మనిషి.

వాలెంటిన్ ఆమె నుంచి చూపు తిప్పుకున్నాడు.

"అందరూ నేల మీద పడుకోండి!" అని అరిచి, తనూ పడుకుని చెయ్యి ఎత్తాడు. "కాల్చు!"

గన్ అర సెకను మోగింది. ప్రొపెల్లర్ ఫెళ్ళున విరిగింది. ఒక రెక్క వంటశాల రేకు చీల్చుకుంటూ పోయింది. ఇంజన్ ఆగింది. కుబాట్ దిండును రెండు చేతులా పట్టుకుని మిక్లోష్ సీట్లో అలాగే కూర్చున్నాడు.

*

లారీ వెనక ఒటీలియా సిగరెట్ వెలిగించడానికి ప్రయత్నిస్తోంది. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. వాలెంటిన్ అంగీ అడ్డంపెట్టాడు. అంటుకుంది.

"పుస్తకంలో రివాల్వరుందా?" అంది.

"ఉంది."

"నాకూ ఒకటుంది. సంచిలో. తియ్యాలనిపించలేదు." పొగ వదిలింది. "లైబాఖ్‌లో వంతెన పక్కన గడియారాల కొట్టు. ముగ్గురుంటారు. ముళ్ళు మార్చేది వాళ్ళే. రాసుకో, మర్చిపోతావు."

"కుబాట్‌ని ఎందుకు ఇరికించావు? ఏం చేశాడు నిన్ను?"

"ఏం చెయ్యలేదు. ఆ గొట్టంతో ఎప్పుడో ఒకరోజు కనిపెట్టేస్తాడని భయం. రిపోర్టు రాసిన రాత్రి నాకు అన్నం సయించలేదు. నువ్వు సంతకం పెట్టవేమో అనుకున్నాను వాలెంటిన్. వెంటనే పెట్టేశావు."

అతను అంగీ గుండీ పెట్టుకున్నాడు.

"మా ఇంటి మీద పడ్డ గుండు మీదో వాళ్ళదో నాకిప్పటికీ తెలీదు. మా అమ్మని ఎవరు చంపారో తెలియనప్పుడు ఎవరి పక్షాన ఉండాలి? అందుకే ఇద్దరికీ పనిచేశాను. ఇద్దరికీ నమ్మకంగానే చేశాను, నీమీదొట్టు."

కెప్టెన్ మనుషులు వస్తున్నారు. వాలెంటిన్‌కు ఏదో ఒకటి అడగాలనిపించింది. నోటికి వచ్చింది ఆ పాతమాటే. "గోరిజియాలో చెర్రీలు పండాయా?"

ఒటీలియా సిగరెట్ కింద పడేసి చెప్పు కొనతో ఆర్పింది. మొదటిసారి వేరే జవాబు చెప్పింది.

"చెట్టు లేదు వాలెంటిన్. దొడ్డే లేదు."

పదకొండు గంటలకని తుపాకులు సిద్ధం చేసి ఉన్నాయి. గోడా సిద్ధంగానే ఉంది. అక్కడికక్కడే విచారణ ముగించి, వారెంటులో పేరు ఒక్కటి మార్చారు. కింద గూఢచారి శాఖ సంతకం కావాలన్నారు. వాలెంటిన్ ఈసారి చాలాసేపు కలం పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడినా పెట్టవలసింది ఒక్కటే సంతకం.

ఆమె నక్కతోలు తీసి మిక్లోష్‌కు ఇమ్మని చెప్పింది. పైన చలిగా ఉంటుందని.

*

లైబాఖ్ కొట్లో ముగ్గురూ దొరికారు. వాలెంటిన్‌కు పతకం వచ్చింది. పెట్టె తెరవకుండానే సొరుగులో పడేశాడు. రెండు నెలల తర్వాత పని కల్పించుకుని మళ్ళీ ఆ మైదానానికి వెళ్ళాడు.

కుబాట్ చలికి చిక్కబడిన గన్‌నూనె సీసాను చంకలో పెట్టుకుని వెచ్చబెడుతూ విమానం కింద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు అతను చెవితో ఒకసారి, మీటర్‌తో ఒకసారి, ప్రతి గన్‌నూ రెండుసార్లు పరీక్షిస్తాడు. చనిపోయిన ముగ్గురు పైలట్ల పేర్లూ చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాడు, ఇదివరకు గొట్టం ఉండే జేబులో.

"గొట్టం తిరిగిచ్చారా?" అడిగాడు వాలెంటిన్. కేసులో సాక్ష్యంగా దాన్ని వియన్నాకు పంపారు.

"ఉత్తరం వచ్చింది సార్. కేసు అయిపోయింది, అది చూస్తే తగరం, చట్టప్రకారం కరిగించేశారట."

"కరిగించి ఏం చేశారు?"

"వేగం మీటర్లకి అతుకులు వేశారట." కుబాట్ సీసాను రెండో చంకలోకి మార్చుకున్నాడు. "పోనీలెండి. ఇంక నుంచైనా అవి కాస్త శ్రుతిలో ఉంటాయేమో."