ఆపరేషన్ క్రియాటిన్

"ఇంజెక్షన్ పదింటికి," చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు. "ముఠా మనిషి ల్యాబ్‌లోనే ఉన్నాడు. డిష్ మారకూడదు."

ఏజెంట్ నైన్టీన్ వాచీ చూశాడు. తొమ్మిది నలభై. మూడు రోజులుగా ఇక్కడ గాజుసామాను కడిగేవాడి వేషం. కంటి మీద కునుకు లేదు, కాలు ఒక చోట నిలవడం లేదు. ఇంజెక్షన్ అతని అక్క కూతురికి మరి. తొమ్మిదేళ్ల పిల్ల, కండరాల జబ్బు, మెట్లెక్కలేకపోతోంది.

ఆ పిల్ల తొడలోంచి తీసిన లేత కండర కణాలు 'ఏ' అనే గాజు డిష్‌లో, కండరాలకి శక్తినిచ్చే క్రియాటిన్ తాగి బలం పుంజుకున్నాయి. తిరిగి కాల్లోకి వెళ్తే ఒకదానితో ఒకటి కలిసి కొత్త పీచులవుతాయని డాక్టర్ల ఆశ. పోలిక కోసం పెట్టిన 'బి'లో అవే కణాలకి పోసింది క్రియాటిన్ నకిలీ. కణం మోసపోయి దాన్ని లోపలికి రానిస్తుంది, అసలుది గుమ్మం బయటే ఉండిపోతుంది, కణం నీరసిస్తుంది. 'బి' ఎక్కిస్తే చికిత్స అభాసుపాలు, విదేశీ ముఠా మందుకి రాజమార్గం. మళ్లీ కణాలు తీయించుకునే ఓపిక ఆ పిల్లకి లేదు.

మైక్రోస్కోప్ లెన్సులు పొద్దున్నే మాయమయ్యాయి, ఏ డిష్ ఏదో కణాల్ని చూసి తేల్చే దారి లేదు.

"గాజు చల్లారిందా?" వెనక సెంటు వాసన. ముత్యం. పైకి విజిటింగ్ సైంటిస్ట్, నిజానికి ముఠాలోకి చీఫ్ పంపిన తమ గూఢచారి, అందగత్తె.

"ఇంకా కాలుతోంది," అన్నాడు కోడ్ ప్రకారం.

"ఎడమవైపుది 'ఏ'. మూత మీద ఉంది చూడు. నర్సు ఎదురుచూస్తోంది, త్వరగా."

తొమ్మిది యాభై ఏడు. డిష్ అందుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఇక్కడి ముసలి టెక్నీషియన్‌కి మూతలంటే నమ్మకం లేదు. అడుగున కూడా రాస్తుంది, ఎంత తోమినా పోని మార్కర్‌తో. మూడు రోజులుగా ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాడు. డిష్ తలపైకెత్తి కింద నుంచి చూశాడు.

'బి'.

చీఫ్ చెప్పిన ముఠా మనిషి ముత్యమేనన్నమాట.

"మేడమ్, ఎప్పుడైనా గిన్నె కడిగారా?"

"నేనా? ఎందుకు?"

"కడిగుంటే, మూతలు మార్చే ముందు అడుగు చూసేవారు."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లేలోపు, అతని సైగ అందుకుని గుమ్మం బయటి గార్డులు పట్టుకున్నారు. అతను రెండో డిష్‌తో పిల్ల ఉన్న గదికి పరుగెత్తాడు. నర్సు సిరంజి నింపేసరికి పది కొట్టింది.

"మావయ్యా," అంది పిల్ల, "నేను పరిగెత్తగలనా ఇక?"

"ముందు నడువమ్మా," అన్నాడు ఆయాసపడుతూ. "పరుగులు తీయడానికి మనింట్లో నేనొక్కణ్ణి చాలు."